బారసాల నాడు అడగవలసిన ప్రశ్న

మా మనవడి బారసాలకి రెండు వైపుల పెద్దలూ వచ్చారు. ఉయ్యాల్లో వేయడం, బియ్యంలో పేరు రాయడం అయ్యాక, భోజనాల దగ్గర నేనొక నోటుబుక్కు పట్టుకుని వియ్యపురాలి పక్కన చేరాను. "వదినగారూ, మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా?" అని అడిగాను. "అబ్బే, మా వంశంలో అలాంటివి లేవండీ" అన్నారావిడ. కలిపిన పులిహోర ముద్ద నోట్లో పెట్టుకోకముందే వచ్చేసింది జవాబు.

కాసేపు ఆగి ఇంకోలా అడిగాను. "మీ ఇంట్లో ఎవరికైనా చలిగాలి పడదా?" అన్నాను. అంతే, మాట సాగింది. వాళ్ల మామగారికి మంచు పడేది కాదట, భోగి నాడు మంట దగ్గరికి రాలేక వసారాలోనే కూర్చునేవారట. రెండో మరిదికి దుమ్ము పడదు, ఇంటికి సున్నం వేస్తున్నారంటే పక్కింటికి వెళ్లి పడుకుంటాడు. "మరి మీ అల్లుడికే చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఎర్రగా రేగి, గోకి గోకి రసి కారేదండీ. ఇప్పుడు తగ్గిపోయిందిలెండి" అన్నారు.

ముత్తాతకి ఉబ్బసం, చిన్నతాతకి దుమ్ము ఎలర్జీ, తండ్రికి పసితనంలో ఎగ్జిమా. అయిదు నిమిషాల్లో నా నోటుబుక్కులో ఒక పేజీ నిండింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో ఆ జబ్బులకి ఆ పేర్లు లేవు, అంతే.

ఎలర్జీ అనే మాటని వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు 1906లో పుట్టించాడు. మన ఇళ్లలో దానికి "పడదు" అన్న మాట ఎప్పట్నుంచో ఉంది. వంకాయ పడదు, ఊరి నీళ్లు పడలేదు, పోపు ఘాటు పడదు. విశాఖపట్నంలో పిల్లల వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేసి నేను నేర్చుకున్న విషయాల్లో ఇదొకటి: ఉబ్బసం ఉందా అని అడిగితే లేదంటారు, ఏం పడదు అని అడిగితే అంతా చెబుతారు.

కొత్తగా తల్లిదండ్రులైనవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది, బిడ్డకి ముందుముందు ఎలర్జీ గానీ ఉబ్బసం గానీ వస్తుందో రాదో తేల్చే రక్తపరీక్ష ఏమైనా ఉందా అని. పుట్టిన బిడ్డ విషయంలో అలా తేల్చి చెప్పే పరీక్ష ఏదీ లేదు. లేకపోవడానికి కారణం ఎవరూ ప్రయత్నించకపోవడం మాత్రం కాదు. ఎలర్జీ ఉన్నవాళ్ల రక్తంలో ఐజీఈ అనే పదార్థం ఎక్కువగా ఉంటుందని 1960ల చివర్లో తెలిసింది. తల్లి ఒంట్లోని ఐజీఈ మాయ దాటి బిడ్డలోకి వెళ్లదు. కాబట్టి బొడ్డుతాడు రక్తంలో కనిపించేది బిడ్డ సొంతమే అయి ఉండాలి, అది ఎక్కువగా ఉంటే ఆ బిడ్డకి ఎలర్జీ వస్తుందని చెప్పేయొచ్చు అనుకున్నారు. చాలా దేశాల్లో చూశారు. తర్వాత ఎలర్జీ వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి పుట్టినప్పుడు అది తక్కువగానే ఉంది. వల వేశారు గానీ చేపల్లో చాలావరకు కిందనుంచే పోయాయి. అందుకని ఆ పరీక్షని అలా వాడడం మానేశారు. పురుటి మంచం మీద ఉన్న తల్లికి ఎవరైనా ఎలర్జీ ప్యాకేజీ అంటూ కాగితం ఇస్తే, అది చేయించుకోవలసిన అవసరం లేదు.

దానికి బదులు కుటుంబ చరిత్ర అడగండి, దానికి పైసా ఖర్చు లేదు. తల్లికీ తండ్రికీ ఏ ఎలర్జీ లేకపోయినా నూటికి 10 నుంచి 15 మంది పిల్లలకి రావచ్చు. ఇద్దరిలో ఒకరికి ఉంటే సుమారు 20 నుంచి 40 మందికి, ఇద్దరికీ ఉంటే 40 నుంచి 60 మందికి వచ్చే అవకాశం ఉంది. ఇద్దరిదీ ఒకే రకం అయితే ఇంకా పెరుగుతుంది. ఈ అంకెల్ని రెండు వైపులా చదవాలి. అమ్మానాన్నలిద్దరికీ ఉన్నా ఏమీ రాని పిల్లలు చాలామందే ఉంటారు. ఎవరికీ లేని ఇంట్లోనూ పదిమందిలో ఒకరికి వస్తుంది. కాబట్టి "మీ రక్తమే, మీ వంశమే" అని కోడలి పుట్టింటిని ఆడిపోసుకునే అత్తగారికి వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ దొరకదు. తండ్రి చరిత్ర కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ చరిత్ర మన ఇళ్లలో దొరక్కపోవడానికి పెళ్లి సంబంధాలే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. పిల్లకి ఆయాసం ఉందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని దాస్తారు. దాచగా దాచగా ఇంట్లోవాళ్లే మర్చిపోతారు. ఏటా జూన్‌లో మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేపమందు కోసం ఎంతమంది వస్తారో టీవీలో చూస్తూనే ఉన్నాం. 1845 నుంచి ఇస్తున్నామని వాళ్లు చెబుతారు. ఆ మందు పనిచేస్తుందా అన్నది వేరే సంగతి, నేనైతే పసిబిడ్డకి ఇప్పించను. కానీ ఆ వరసని చూడండి. అంతమందికి ఉబ్బసం ఉంది. పెళ్లిచూపుల్లో మాత్రం ఒక్కరికీ ఉండదు.

అందుకే బారసాల మంచి రోజు అంటాను. పెళ్లి అయిపోయింది, బిడ్డ పుట్టింది, దాచుకోవలసిన పని తీరిపోయింది. మామ్మలూ అమ్మమ్మలూ ఒకే చోట ఉంటారు. జబ్బు పేరు ఎత్తకుండా అడగండి. చిన్నప్పుడు రాత్రుళ్లు ఎవరికి పిల్లికూతలు వచ్చేవి? పొద్దున లేవగానే పది పదిహేను తుమ్ములు ఎవరికి? ఎవరి ముక్కు ఏడాదంతా కారుతూ ఉండేది? మోకాలి వెనకా మోచేతి మడతల్లోనూ దురద ఎవరికి? పీత తింటే, రొయ్య తింటే ఎవరి పెదవులు వాచాయి? తల్లి, తండ్రి, బిడ్డకి అన్నలూ అక్కలూ ఉంటే వాళ్లవి విడిగా రాసుకోండి. వీళ్లవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. తాతలూ మేనమామలూ ఆ తర్వాత.

ఇక రెండో పేజీ. దీన్ని బిడ్డే రాస్తుంది, మనం చూసి దింపుకోవాలి.

ముందు చర్మం. రెండు మూడు నెలల బిడ్డకి బుగ్గల మీద ఎర్రగా, గరుగ్గా, పొలుసులు లేచినట్టు వచ్చి తగ్గకుండా ఉంటే "పాలపొక్కులు, వాటంతటవే పోతాయి" అని వదిలేయొద్దు. చాలాసార్లు పోతాయి, నిజమే. కానీ ఎలర్జీ ధోరణి ఉన్న పిల్లల్లో మొట్టమొదట కనిపించేది తరచుగా చర్మమే. తిండి ఎలర్జీ, ముక్కు, ఊపిరితిత్తుల తిప్పలు దాని వెనక రావచ్చు. చర్మాన్ని గట్టిగా అల్లి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తయారీలో లోపం ఉన్నవాళ్లకి ఎగ్జిమా ఎక్కువ వస్తుందని 2006లో కనుక్కున్నారు. గోడకి పగులు పడ్డట్టు, ఆ సందుల్లోంచి బయటి పదార్థాలు లోపలికి దిగుతాయి. బ్రిటన్‌లో 2003లో వచ్చిన అధ్యయనంలో, వేరుశనగ నూనె కలిసిన క్రీములు రేగిన చర్మానికి రాసిన పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ ఎక్కువగా కనిపించింది.

ఇది చదివినప్పుడు నాకు మన నలుగు గుర్తొచ్చింది. చర్మం నున్నగా ఉన్న బిడ్డకి పెద్దవాళ్లు మెత్తగా నలుగు పెట్టుకుంటే నేను తగువు పెట్టుకోను. చర్మం చిట్లి ఎర్రగా ఉన్న బిడ్డకి మాత్రం శనగపిండీ పెసరపిండీ రుద్దొద్దు. పిండి గరుకు ఒక బాధ, తినే పదార్థం పుండు మీద పడడం ఇంకో బాధ. గోరువెచ్చని నీళ్లు, తక్కువసేపు స్నానం, తడి ఆరకముందే వాసన లేని మామూలు క్రీము చాలు. అలాగని ఏ మచ్చా లేని బిడ్డకి ముందుజాగ్రత్తగా ఖరీదైన క్రీములు కొనొద్దు. బ్రిటన్‌లో 1,394 మంది పసిపిల్లల మీద జరిపిన పరీక్షలో ఏడాది పాటు రోజూ క్రీము రాసినా ఎగ్జిమా ఆగలేదని 2020లో తేలింది.

తర్వాత ఛాతీ. అమెరికాలోని అరిజోనాలో టూసాన్ అనే ఊళ్లో 1980లో మొదలుపెట్టి 1,246 మంది శిశువులని పుట్టినప్పటినుంచీ ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. మూడేళ్లలోపు మూడింట ఒకవంతు మందికి పిల్లికూతలు వచ్చాయి. వాళ్లలో నూటికి 60 మందికి ఆరేళ్లు వచ్చేసరికి పూర్తిగా పోయాయి. జలుబు చేసినప్పుడల్లా బిడ్డ గుండె మీద చెవి పెట్టి ఏడ్చే తల్లులకి నేను ఈ మాటే చెబుతాను. పిల్లల ఊపిరి గొట్టాలు సన్నం, కాస్త కఫం చేరినా కూత పెడతాయి.

మరి ఎవరికి నిలిచిపోతుంది? అదే ఊరి లెక్కల నుంచి 2000లో ఒక అంచనా పద్ధతి తయారు చేశారు. మూడేళ్లలోపు పదేపదే పిల్లికూతలు వస్తున్న బిడ్డకి, తల్లికో తండ్రికో ఉబ్బసం ఉన్నా, బిడ్డకే డాక్టరు చెప్పిన ఎగ్జిమా ఉన్నా ప్రమాదం ఎక్కువ కింద లెక్క. ఆ రెండూ లేకపోతే మరో మూడు చూస్తారు: ఎలర్జీ వల్ల ముక్కు కారడం, జలుబు లేనప్పుడు కూడా కూత రావడం, రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు 4 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండడం. వీటిలో రెండున్నా ఎక్కువ కిందే. ఇలా ఎక్కువ అని తేలిన పిల్లల్లో నూటికి 76 మందికి బడి వయసులో ఎప్పుడో ఒకప్పుడు ఉబ్బసం కనిపించింది. ఎక్కువ కాదు అని తేలినవాళ్లలో నూటికి 95 మందికి పైగా రానేలేదు. నాకు ఈ రెండో అంకే ఇష్టం. భయపడనక్కర్లేని ఇళ్లని ఇది బాగా చెబుతుంది.

గమనించారా, ఇందులో ఒక్క రక్తపరీక్ష తప్ప మిగిలిన ప్రతి ప్రశ్నకీ జవాబు ఇంట్లోనే ఉంది. ఎప్పుడెప్పుడు కూత వచ్చింది, అప్పుడు జలుబు ఉందా లేదా అన్నది తేదీతో సహా రాసి తెచ్చే తల్లి పది నిమిషాల ఓపీలో డాక్టరుకి ఎంత మేలు చేస్తుందో నేను కళ్లారా చూశాను. రాయని తల్లి "తరచూ వస్తుందండి" అంటుంది. తరచూ అంటే నెలకా, వారానికా, డాక్టరు ఊహించుకోవాలి. ఫోన్‌లో ఛాతీ వీడియో తీసి పెట్టుకోండి, కూత వినిపించేలా.

రాసుకునేది వేరు, పరుగెత్తవలసింది వేరు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, ఆ తర్వాత అయిదేళ్ల దాకా 40 గానీ ఆ పైన గానీ ఉంటే అది వేగం, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పట్టలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా 108కి ఫోన్ చేసి బయల్దేరాలి. ఆవిరి పడదాం, తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

ఇక మన విశాఖ సంగతి. కోటవీధిలో మా పుట్టింట్లో అమ్మ ఉయ్యాల కర్రని తెల్ల గుడ్డతో పొద్దున తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చేది, సాయంత్రం తుడిస్తే మళ్లీ నల్లగా వచ్చేది. 1933లో ఓడరేవు తెరిచారు, 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ ఊరి అన్నం ఆ రెంటి నుంచే వచ్చింది, మా నాన్న జీతమూ పోర్టుదే. పోర్టులో బొగ్గు గుట్టల మీద నీళ్లు చల్లుతున్నారు, టార్పాలిన్లు కప్పుతున్నారు. అయినా వన్ టౌన్‌లో, జ్ఞానాపురంలో, మల్కాపురంలో గుమ్మం కడిగిన గంటకి కాలి ముద్ర పడుతూనే ఉంది. కేంద్రం 2019లో మొదలుపెట్టిన శుద్ధ వాయు కార్యక్రమంలో గాలి బాగోలేని నగరాల జాబితాలో మన ఊరు కూడా ఉంది.

బొగ్గు పొడి ఎలర్జీ పదార్థం కాదు. కళ్లకి కనిపించే ఆ ముతక నలుపు చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. లోపలికి దిగేది కంటికి కనిపించని సన్నని ధూళి, లారీల పొగ, చిమ్నీల పొగ. ఒకపక్క యారాడ కొండ, మరోపక్క కైలాసగిరి, సింహాచలం కొండలు ఉండి ఊరు గిన్నెలా ఉంది కదా, శీతాకాలం రాత్రుళ్లు ఆ పొగ పైకి లేవక గిన్నెలోనే నిలుస్తుంది. అందుకని చలికాలంలో తెల్లవారుజామున బిడ్డ గది కిటికీలు మూసి ఉంచండి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక తెరవండి. పొడి చీపురు వద్దు, తడిగుడ్డతో తుడవండి. మన ఉక్కపోతకి పరుపుల్లో కంటికి కనపడని పురుగులు బాగా పెరుగుతాయి. దుప్పట్లు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికి, పరుపు ఎండలో వేయండి. ఇలా చేస్తే ఉబ్బసం రాకుండా పోతుందని నేను మాట ఇవ్వలేను. వచ్చిన బిడ్డకి ఊపిరి తేలికవుతుంది.

పోర్టు గాలిని ఒక్క ఇల్లు మార్చలేదు. ఇంట్లో మనం పెట్టే పొగ మాత్రం మన చేతిలోదే, దాని గురించే నాకు ఎక్కువ బెంగ. నీళ్లు పోసే ఆవిడ కాళ్ల మీద పడుకోబెట్టి, మాడుకి ఆముదం పెట్టి, ఒళ్లంతా రుద్ది, వేడినీళ్లు పోసి, చివర నిప్పుల మీద సాంబ్రాణి చల్లి బిడ్డని ఆ పొగమీద అటూ ఇటూ తిప్పుతుంది. గది తెల్లగా నిండిపోతుంది. బిడ్డ ఒకసారి గుక్కపట్టి దగ్గుతుంది, "దిష్టి పోయింది" అంటారు. ఆ దగ్గు ఊపిరితిత్తులు చేసే ఫిర్యాదు. వెంట్రుకలు ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. పెద్దవాళ్ల మనసు నొప్పిస్తుందనుకుంటే సాంబ్రాణి దేవుడి గదిలో వేసి బిడ్డని వేరే గదిలో ఉంచండి. ముక్కులో నూనె చుక్కలు కూడా వద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

దోమల చక్రం ఇంకా చెడ్డది. ఒక చక్రం కాలి అయిపోయేసరికి వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో లెక్క తేల్చారు. దోమతెర కట్టండి. ఇక మన పల్లెల్లో అడ్డపొగ తాగే మామ్మలున్నారు, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్లు. బిడ్డని ఎక్కువగా ఎత్తుకునేదీ వాళ్లే. కడుపులో ఉన్నప్పుడు తల్లి పీల్చిన పొగ, పుట్టాక బిడ్డ పీల్చిన పొగ రెండూ పిల్లికూతలని పెంచుతాయని ఎన్నో దేశాల్లో తేలింది. మామ్మని కసరొద్దు. "మామ్మా, గుంటడికి పొగ పడదే" అనండి. పడదు అన్న మాట ఆవిడకి అర్థమవుతుంది.

తిండి విషయంలో పాత సలహా తిరగబడింది. ప్రమాదం ఉన్న పిల్లలకి వేరుశనగ, గుడ్డు ఏళ్ల తరబడి పెట్టొద్దనేవారు. 2015లో ఫలితాలు వచ్చిన లండన్ పరీక్షలో ఎగ్జిమా ముదిరినవాళ్లో, గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్లో అయిన 640 మంది పసివాళ్లని రెండు జట్లు చేసి చూస్తే, మానిపించిన జట్టులో అయిదేళ్లకి నూటికి 17 మందికి వేరుశనగ ఎలర్జీ ఉంది, తినిపించిన జట్టులో 3 మందికే ఉంది. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి. అన్నప్రాసన అయ్యాక ఒక్కొక్కటిగా ఉడికిన గుడ్డు, మెత్తగా నూరి పల్చగా కలిపిన వేరుశనగ, ముల్లు తీసిన చేప పెట్టండి. గింజ గింజగా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. ఎగ్జిమా బాగా ఉన్న బిడ్డకి వేరుశనగ మొదలుపెట్టేముందు డాక్టరుని అడగండి. కడుపుతో ఉన్నవాళ్లు ఎలర్జీ భయంతో చేప మానొద్దు. డెన్మార్క్‌లో చివరి మూడు నెలలు చేపనూనె తీసుకున్న తల్లుల పిల్లల్లో ఉబ్బసం, విడవని కూతలు 24 శాతం నుంచి 17 శాతానికి తగ్గాయని 2016లో రాశారు. అందరూ చేపనూనె గొట్టాలు మింగాలని దీని అర్థం కాదు. హార్బర్‌లో కవళ్లూ కానాగంతలూ దొరికే ఊళ్లో ఉన్నాం కాబట్టి చెబుతున్నాను.

మా మనవడికి ఇప్పుడు పద్నాలుగు నెలలు. నోటుబుక్కులో అయిదో నెలలో బుగ్గల మీద ఎగ్జిమా అని ఒకచోట, జలుబుతో పిల్లికూత అని రెండుచోట్ల రాసి ఉంది. జలుబు లేకుండా కూత ఇంతవరకు రాలేదు. తండ్రికి పసితనంలో ఎగ్జిమా ఉందన్న సంగతి మొదటి పేజీలో ఉంది కాబట్టే బుగ్గలు ఎర్రబడ్డ వారంలోనే మా అమ్మాయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మూడో ఏడు దాటేదాకా రాస్తూనే ఉంటాం.

మీ ఇంట్లో ఉయ్యాల కట్టే రోజు దగ్గర పడుతుంటే, పూలకీ పేరంటానికీ రాసుకునే సరుకుల చీటీలో ఒక నోటుబుక్కు కూడా చేర్చండి. బారసాల అయిపోయి నెలలు గడిచినా ఫరవాలేదు, ఈ ఆదివారం మీ మామ్మకీ మీ అత్తగారింటి పెద్దావిడకీ ఫోన్ చేసి, చిన్నప్పుడు ఎవరికి ఏం పడేది కాదో అడగండి.